విరిగిన గోలీల గోపురం

మీ తాతల తాతలు కూడా ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తులు తిప్పేవాడు. రెండోవాడు గుర్రాలు తిప్పేవాడు. మూడోవాడు చిత్రబాహుడు మరలు తిప్పేవాడు.

ఈ చిత్రబాహుడిలో ఒక గొప్ప సుగుణం ఉండేది. ఉందని ఆయనే చెప్పుకునేవాడు. తను చేసిన వస్తువుని ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ఇది గర్వం కాదు, వస్తువు మీద దయ," అనేవాడు. ఆ దయ ఎంతటిదంటే, వస్తువుని తుడిచిన గుడ్డని కూడా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయనకి గురువు లేడు. చెడగొట్టీ చెడగొట్టీ నేర్చుకున్నాడు. మొదట చేసిన విసనకర్ర తనంతట తనే విసురుకుని, నిండు సభలో రాజుగారి కిరీటం ఎగరగొట్టింది. తర్వాత చేసిన పల్లకీ వెనక్కి తప్ప ముందుకి నడవలేదు. "గురువుంటే తప్పు ఆయన మీదికి నెట్టేవాణ్ణి. లేడు కనక అన్నీ సొంత తప్పులే," అని నవ్వేవాడు. ఆ తర్వాత మాత్రం వస్తువులు మాట విన్నాయి. అడుగేస్తే పాడే పావుకోళ్ళు చేశాడు. వంచితే పకపకా నవ్వే కూజా చేశాడు. ఎత్తితే గొడుగు, తిరగేస్తే పడవ అయ్యే గొడుగుపడవ మొదలుపెట్టాడు. వాటిని చూడ్డానికి ఊరూరి నుంచీ జనం వచ్చేవాళ్ళు. అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి. అది అక్కడి ఆచారం. పెట్టినవాడు చిత్రబాహుడే.

ఆయనకొక చెల్లెలుంది, ఎనిమిదేళ్ళ పిల్ల, సంపంగి.

"అన్నయ్యా, ఒక్కసారి కూజా వంచనా?"

"చేతులు వెనక్కి పెట్టుకుని చూడమ్మా."

"పోనీ, పావుకోళ్ళు తొడుక్కోనా?"

"చేతులు వెనక్కి."

"పోనీ, గొడుగైనా తెరవనా? మెల్లిగా!"

"చేతులు వెనక్కి తల్లీ, ఉండు ఒక్క క్షణం."

ఆ ఒక్క క్షణం ఆ పిల్లకి ఎనిమిదేళ్ళొచ్చినా రాలేదు.

ఒకరోజు ఏడు సముద్రాల అవతలి నుంచి కాష్ఠముఖుడనే మాంత్రికుడు వచ్చాడు. భుజం మీద కొయ్యచిలక. దాని వెన్నులో చిన్న మర. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అది "నాన్నా, మర తిప్పు" అనేది. ఆయన తిప్పేవాడు. అది మళ్ళీ రెక్కలాడించేది.

కాష్ఠముఖుడు చేతులు వెనక్కి పెట్టుకుని అన్నీ చూశాడు. "బాగున్నాయి, చూడ్డానికి," అన్నాడు. తర్వాత సంపంగి ముందు వంగి, "పాపా, నా చిలకని ముట్టుకుంటావా?" అని అడిగాడు.

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చెయ్యి చాచి మూడు వేళ్ళతో చిలక తల నిమిరింది. మూడు వేళ్ళూ కొయ్యయిపోయాయి. వేళ్ళ నుంచి చేతికి, చేతి నుంచి మెడకి, మెడ నుంచి కళ్ళకి. చిత్రబాహుడు అందుకునేలోపు అక్కడ ఉన్నది నవ్వబోతున్న ఒక కొయ్యబొమ్మ.

"నా మందిరంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ముట్టుకోనివ్వని ఇళ్ళ పిల్లలే నాకు తేలిగ్గా దొరుకుతారు," అన్నాడు మాంత్రికుడు బొమ్మని సంచిలో వేసుకుంటూ. "మూడో పున్నమి దాకా గుండె కొట్టుకుంటుంది. చంద్రుడు పూర్తిగా పైకొచ్చాక అదీ కొయ్యే." సంచితో సహా మాయమైపోయాడు.

పెద్దన్న కత్తి పట్టుకుని బయల్దేరి, మొదటి సముద్రంలో ఓడ ఊగిందని వెనక్కొచ్చాడు. ఒక పున్నమి అయిపోయింది. రెండో అన్న మూడు సముద్రాలు దాటి, గుర్రానికి వాంతులవుతున్నాయని వెనక్కొచ్చాడు. రెండో పున్నమీ అయిపోయింది. ఈ రెండు నెలలూ చిత్రబాహుడు గొడుగుపడవకి మెరుగు పెడుతూ కూర్చున్నాడు.

రాణి వచ్చి గుమ్మంలో నిలబడింది. "పడవ ఎంతవరకొచ్చింది నాయనా?"

"రంగు ఆరలేదమ్మా."

"రంగు లేకపోతే పడవ మునుగుతుందా?"

మునగదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కుంచె కింద పెట్టి, తల్లి మొహం చూడలేక, ఆ మధ్యాహ్నమే పావుకోళ్ళూ కూజా, చేతికందిన సామానూ మూటగట్టుకుని పడవెక్కాడు.

రెండో సముద్రంలో దుంగ పట్టుకుని వేలాడుతున్న ఉడత కనిపించింది. ఎక్కించుకున్నాడు. నాలుగో సముద్రంలో రెక్క బెణికిన కొంగ కనిపించింది. ఎక్కించుకున్నాడు. ఆరో సముద్రంలో ఒక ముసలి తాబేలు, "నాకేం కష్టం లేదు గానీ, ఏమీ తోచడం లేదు అబ్బాయీ," అంది. దాన్నీ ఎక్కించుకున్నాడు.

"ఈ కూజా ఒక్కసారి వంచనా అన్నా?" అంది ఉడత.

"చేతులు వెనక్కి."

"మరి నేను?" అంది కొంగ.

"చేతులు వెనక్కి."

"నాకు చేతుల్లేవుగా!"

"రెక్కలు వెనక్కి."

తాబేలు ఏమీ అడగలేదు. కాళ్ళూ తలా డిప్పలోకి లాక్కుని, "నావన్నీ వెనక్కే ఉన్నాయి నాయనా," అంది. మూడూ కిసకిసా నవ్వాయి. చిత్రబాహుడికి నవ్వు రాలేదు. 'చేతులు వెనక్కి' అన్నప్పుడల్లా ఆయనకి ఒక చిన్న గొంతు 'పోనీ' అనడం వినిపిస్తోంది.

ఏడో సముద్రం దాటి దీవి చేరేసరికి పున్నమికి ఇంక మూడు రోజులుంది. మాంత్రికుడి మందిరం నిండా కొయ్యమనుషులు. చెయ్యి చాచినవాళ్ళు, వంగినవాళ్ళు, నవ్వబోతున్నవాళ్ళు. గుమ్మం పక్కన ఒక రాజకుమార్తె కొయ్యవేలితో దేన్నో చూపిస్తోంది. ఆవిడ పాదాల దగ్గర, కిటికీ కింద, సంపంగి. చిత్రబాహుడు ఆ చిన్న ఛాతీకి చెవి ఆనించాడు. గుండె కొట్టుకుంటోంది. ఒకటి కొట్టుకున్నాక ఇంకొకటి వస్తుందో రాదో అన్నట్టు కొట్టుకుంటోంది.

"వచ్చావా?" అన్నాడు కాష్ఠముఖుడు. "మూడు రోజులకి మూడు వస్తువులు. మొదటిదాన్ని నేను తల తిప్పి చూడాలి. రెండోదానికి నా చెయ్యి చాచాలి. మూడోదాంతో నన్ను నేనే మరిచిపోవాలి. నెగ్గితే నీ చెల్లెల్ని తీసుకుపో. ఓడితే అదిగో, ఆ మూల ఖాళీగా ఉంది. నీ కొలతే."

మొదటి రోజు పావుకోళ్ళు వేసుకుని నడిచాడు. కుడికాలు ఒక స్వరం, ఎడమకాలు ఒక స్వరం. మాంత్రికుడు తల తిప్పి చూశాడు. రెండో రోజు కూజా వంచాడు. అది పకపకా నవ్వింది. మాంత్రికుడు చెయ్యి చాచి అందుకున్నాడు. చిత్రబాహుడి నోటిదాకా 'చేతులు...' అని వచ్చింది. నాలుక కరుచుకున్నాడు. మాంత్రికుడు ఒకసారి వంచాడు, రెండుసార్లు వంచాడు, కింద పెట్టేశాడు. "మూడోది రేపు సాయంత్రం లోపల," అన్నాడు.

మూడోది గోలీల గోపురం. నిలువునా చీల్చిన వెదురుదోనెలు, గజ్జెలు, కొక్కేలు, గాజు గోలీలు. రెండోరోజు మిగిలిన పొద్దంతా కూర్చుని తన జీవితంలోకెల్లా గొప్ప వస్తువు చేశాడు. పై నుంచి గోలీ వదిలితే అది దోనెల్లో దొర్లుతూ, గజ్జెల్ని తాకుతూ, చక్కటి పాట పాడి కిందికి చేరేది. ఎప్పుడు వదిలినా అదే పాట. ఒక్క అపస్వరం లేదు.

మర్నాడు పొద్దున్నే సముద్రపొడ్డున జంతువులకి చూపించాడు. మొదటిసారి మూడూ కేరింతలు కొట్టాయి. రెండోసారి కొంగ చేపల వైపు చూసింది. మూడోసారి తాబేలు గుర్రు పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాడు చిత్రబాహుడు.

"చాలా గొప్పగా ఉందన్నా," అంది ఉడత మర్యాదగా, ఆవులింత ఆపుకుంటూ.

ఆయన కూలబడిపోయాడు. మనిషి తన్ను తాను మరిచిపోయే వస్తువు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఎలా తెలుస్తుంది? తన వస్తువుతో ఒక్కళ్ళు ఆడుకోవడమైనా ఆయన ఎన్నడూ చూళ్ళేదు. చూడాలంటే ముందు ఇవ్వాలిగా! ఒక పిల్ల మాటలొచ్చినప్పటి నుంచీ అడిగింది. ఆ పిల్లకి కూజా ఇచ్చి చూసుంటే ఈపాటికి తెలిసుండేది. ఇచ్చుంటే అసలు ఇక్కడికి రావలసిన పనే ఉండేది కాదు.

లేచి గోపురాన్ని ఒక్క తన్ను తన్నాడు. దోనెలు ఒకవైపు, గజ్జెలు ఒకవైపు, గోలీలు ఇసకంతా. మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. రాజకుమారులు కథల్లో ఏడ్చినట్టు కాదు, ముక్కు కారేలా ఏడ్చాడు.

ఎంతసేపైందో. ఎక్కడో 'టింగ్' అని వినిపించింది. తర్వాత 'టింగ్ టక్'. తర్వాత ఒక గొడవ.

"ఆ దోనె అటు పెట్టవే!"

"నీకేం తెలుసు? ఇటు పెడితే గజ్జెకి తగులుతుంది."

"తగల్లేదుగా!"

"మళ్ళీ వదులు, మళ్ళీ!"

తలెత్తి చూశాడు. ఉడత దోనె వంకరగా పట్టుకుంది. కొంగ ముక్కుతో గోలీ వదులుతోంది. తాబేలు తన డిప్పనే మలుపుగా అడ్డం పెట్టింది. పాట దరిద్రంగా ఉంది. "చేతులు..." అని అరవబోయాడు చిత్రబాహుడు. కానీ చూస్తే, పోటెక్కి నీళ్ళు తాబేలు మెడదాకా వచ్చేశాయి. దానికి తెలియలేదు. కొంగ కాళ్ళ మధ్య నుంచి చేప ఈదుకుంటూ పోయింది. దానికీ తెలియలేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఎవరికీ తెలియలేదు.

తను బతుకంతా చేసిన మంచి వస్తువుల్లో ఇదే మంచిది, అదీ తను తన్నాక. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక, ఎలాగూ ఏడుస్తున్నాడు కనక అదే ఇంకాస్త ఏడ్చాడు.

ముక్కలన్నీ ఒక బుట్టలో వేసుకున్నాడు. మందిరంలో చిలక అప్పుడే మధ్యాహ్నపు మర తిప్పించుకుంది.

"ఇదేమిటి, తట్టెడు పుల్లలు తెచ్చావు?" అన్నాడు మాంత్రికుడు.

"పూర్తి కాలేదండి."

"పూర్తి కానిది నా దగ్గరికి తెస్తావా?"

"ఎక్కడ తప్పుందో నాకు తెలియడం లేదు," అన్నాడు చిత్రబాహుడు. అంత నిజం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మాంత్రికుడు విసుగ్గా ఒక దోనె తీశాడు. గోడకి ఆనించాడు. గోలీ వదిలాడు. అది గజ్జెని తాకకుండా పక్కనుంచి పోయింది. "ఛ!" అన్నాడు. దోనె కాస్త వంచాడు. గోలీ వదిలాడు. 'టింగ్' అంది. కాష్ఠముఖుడి కనుబొమలు పైకి లేచాయి. నేల మీద కూర్చున్నాడు. తర్వాత బోర్లా పడుకున్నాడు.

చిత్రబాహుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ దోనె ఇంకొంచెం ఎడమకి జరిపితే చాలని ఆయనకి కనిపిస్తూనే ఉంది. వేళ్ళు దురదపెట్టాయి. ఒక చేత్తో రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడు సముద్రాలు దాటడం అంత కష్టం కాలేదు.

పొద్దు వాలింది. "నాన్నా, మర తిప్పు," అంది చిలక.

"ఉండవే, ఒక్క క్షణం."

"నాన్నా... మర..."

"ఇదొక్కటీ పడనీ. అదిగో, అదిగో!"

"నా... న్నా..."

చిలక రెక్క సగంలో ఆగిపోయింది. ఆ మరతోనే మాంత్రికుడి ప్రాణం ముడిపడి ఉందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ క్షణాన తనకీ గుర్తు లేదు. ఆఖరి గోలీ అన్ని గజ్జెల్నీ మోగించుకుంటూ కిందికి దిగింది. కాష్ఠముఖుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టబోయాడు. రెండు అరచేతులూ కలవకముందే ఆగిపోయాయి. ఆ మొహంలో అంత సంతోషం చూసి చిత్రబాహుడికి గెలిచినట్టనిపించలేదు. ఆ చిలక మూడుసార్లు పిలిచింది. తను నోరు విప్పి 'మర' అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు.

కిటికీలో చంద్రుడు అంచు చూపించాడు. మందిరమంతా నిట్టూర్చింది. మాంత్రికుడితో పాటే మంత్రమూ ఆగిపోయి, కొయ్య మెత్తబడింది. గుమ్మం పక్కనున్న రాజకుమార్తె మొట్టమొదట అన్న మాట, "ఆ దోనె ఇంకొంచెం ఎడమకి జరపండి. ఇందాకటి నుంచీ చెబుదామని చస్తున్నాను." ఆమె పేరు హేలావతి. చిత్రబాహుడు ఆమెని పెళ్ళి చేసుకోవాలని అప్పుడే అనుకున్నాడు. కానీ అప్పుడాయన పరుగు కిటికీ వైపు.

సంపంగి కళ్ళు తెరిచింది. నవ్వబోతున్న నవ్వు పూర్తి చేసింది. చెయ్యి చాచింది. చిలకని తాకిన మూడు వేళ్ళు మాత్రం మెత్తబడలేదు. అన్నిటికంటే ముందు కొయ్యయినవి అవే. మూడు నెలల ముదురు కొయ్య.

"రంగు ఆరేదాకా ఆగానమ్మా," అన్నాడు చిత్రబాహుడు.

సంపంగి ఆ వేళ్ళని నేల మీద కొట్టి చూసింది. టక్ టక్ టక్. "బాగా మోగుతున్నాయి అన్నయ్యా," అంది. ఆ మాటకి ఆయన మళ్ళీ ఏడ్చాడు.

హేలావతితో పెళ్ళి ఘనంగా జరిగింది. ఆమె తండ్రికి కొడుకుల్లేరు కనక ఆ రాజ్యం అల్లుడికొచ్చింది. చిత్రబాహుడు నలభై ఏళ్ళు ఏలాడు. ఆ రాజ్యంలో ఏ కొత్త వస్తువు చేసినా మొదటిసారి తిప్పేది పిల్లలే. చేసినవాడు చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడాలి. అది అక్కడి ఆచారం. పెట్టింది సంపంగి. ఆవిడ పెరిగి పెద్దదై వాద్యాలు చేసేది. కుడిచేతి మూడు వేళ్ళకి వేడీ తెలియదు, చలీ తెలియదు. వాటిని బాగుచెయ్యడానికి రాజుగారు ముప్ఫై రకాల మరలు చేశారు. ఒక్కటీ పనిచెయ్యలేదు.

పిల్లలు ఆయన ముందు కొత్త వస్తువు తిప్పుతుంటారు. ఎవడో దోనె తప్పుగా పెడతాడు. ముసలి రాజుగారి చెయ్యి తనంతట తనే ముందుకి పోతుంది. వెంటనే మణికట్టు మీద టక్ టక్ టక్.

"చేతులు వెనక్కి, అన్నయ్యా."

"ఒక్కసారి, మెల్లిగా..."

"చేతులు వెనక్కి."

ఆయన పెట్టుకుంటాడు. కాసేపటికి మళ్ళీ చాస్తాడు. మరలు వచ్చాయి, రాజ్యం ఏలడం వచ్చింది, క్షమించమని అడగడం కూడా ఆలస్యంగా వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని చూడ్డం మాత్రం చిత్రబాహుడికి చివరిదాకా రాలేదు.