కాకి వాటా

వాగు పక్కన ఇప్పచెట్ల అడవి ఉండేది. అందులో కుందేళ్లు, ఉడుతలు, ముంగిసలు, ఎలుకలు కాపురముండేవి. వాగు ఒడ్డున రోజూ సంత జరిగేది. అక్కడ ఎలుగుబంటి నల్లస్వామి తేనె అమ్మేవాడు. అందరికంటే పెద్ద దుకాణం అతనిదే. ముళ్లపంది సాలమ్మ దుంపలు, మందు వేర్లు అమ్మేది. ఏది కొన్నా గింజలు ఇవ్వాలి.

గింజలు మోసుకురావడం చిన్న జంతువులకు కష్టంగా ఉండేది. అది చూసి నక్క చతురయ్య సంతలో కాకులను పెట్టాడు. కొన్నవాళ్లు ఒక్క మాట చెబితే చాలు, కాకి వాళ్ల ఇంటికి ఎగిరి గింజలు తెచ్చి దుకాణంలో పోసేది.

"మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదు," అని నక్క కొనేవాళ్లకు చెప్పాడు.

దుకాణదారులతో మాత్రం వేరే మాట అన్నాడు. "కాకులు తెచ్చే ప్రతి గంప గింజలకు ఒక పిడికెడు నాకు తీసివ్వాలి. ఈ సంగతి కొనేవాళ్ల చెవిన పడకూడదు. పడితే మీ దుకాణానికి కాకి రాదు."

గిరాకీ పెరుగుతుందని అందరూ ఒప్పుకున్నారు. పెరిగింది కూడా.

ఒకరోజు పొద్దున్నే, కొనేవాళ్లు రాకముందే నక్క వచ్చి, "ఇకనుంచి గంపకు నాలుగు పిడికిళ్లు," అన్నాడు.

సాలమ్మ చేతిలోని దుంప జారి కింద పడింది.

"అంత ఇస్తే మా పిల్లలకేం మిగులుతుంది?" అని సాలమ్మ అడిగింది.

"ధరలు పెంచుకోండి," అని నక్క వెళ్లిపోయాడు.

వేరే దారి లేక అందరూ ధరలు పెంచారు. కొనేవాళ్లు నివ్వెరపోయారు. దుకాణదారులకు ఆశ ఎక్కువైందని తిట్టుకున్నారు.

నల్లస్వామికి కోపం ఆగలేదు. దుకాణం మీద వాలిన కాకిని తరిమేశాడు. సొంతంగా పావురాలను తెచ్చుకున్నాడు. "ఇంత పెద్ద దుకాణం నాది. నేను చెప్పినట్టే అందరూ వింటారు," అన్నాడు.

ఆ సాయంత్రం వానలో కుందేలు పున్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, నా బిడ్డకు ఊపిరాడటం లేదు. కాస్త తేనె ఇవ్వు. కాకి గింజలు తెస్తుంది."

"కాకి నా దగ్గర చెల్లదు. నీ గింజలు ఎక్కడ దాచావో నా పావురానికి చూపించు, తేనె ఇస్తాను."

పున్నమ్మ బిత్తరపోయింది. ఎలుగుబంటి ఆకలి అడవిలో తెలియనిదెవరికి? "ఆ చోటు కాకికి తప్ప నా చుట్టాలకు కూడా చెప్పలేదన్నా," అంది.

"అయితే తేనె లేదు," అని నల్లస్వామి తలుపు మూశాడు.

పున్నమ్మ వానలోనే సాలమ్మ దగ్గరికి వెళ్లింది. సాలమ్మ ఏమీ అడగకుండా మందు వేరు చేతిలో పెట్టింది. "ముందు బిడ్డకు దీని రసం పట్టు. గింజల సంగతి తర్వాత."

తెల్లారేసరికి బిడ్డ కుదుటపడింది. పున్నమ్మ గింజల మూట తనే మోసుకొచ్చింది. "అక్కా, నీ మనసు మంచిది. మరి ధరలెందుకు పెంచావు?"

సాలమ్మ కాకి వైపు చూసింది. కాకి వింటోంది. అయినా చెప్పేసింది. "గంపకు నాలుగు పిడికిళ్లు నక్కకు పోతున్నాయి, చెల్లీ."

పున్నమ్మ మూట కింద దించింది. "కాకులు ఊరికే తెస్తున్నాయనుకున్నామే," అంది.

"నువ్వే తెచ్చుకుంటే పాత ధర. కాకితో తెప్పిస్తే కొత్త ధర. నీ ఇష్టం."

మధ్యాహ్నానికి ఈ మాట ప్రతి బొరియకూ చేరింది. ఇన్నాళ్లూ తమకు తెలియకుండా తమ గింజలే పోయాయని విని అందరూ నిర్ఘాంతపోయారు. మర్నాడు సాలమ్మ దుకాణం ముందు మూటలతో బారులు తీరారు.

నక్క మండిపడుతూ వచ్చాడు. "మాట తప్పావు. నీ కాకిని తీసుకుపోతున్నాను."

"తీసుకుపో," అంది సాలమ్మ.

అది చూసి మిగతా దుకాణదారులూ నోరు విప్పారు, కొనేవాళ్లు గింజలు తామే మోసుకొచ్చారు. పని లేని కాకులకు తిండి పెట్టలేక నక్క దిగివచ్చాడు. ఒక్క పిడికెడుకే ఒప్పుకున్నాడు, అదీ అందరి ముందు చెప్పి. ముసలివాళ్లు, కుంటివాళ్లు తెలిసే ఆ పిడికెడు ఇచ్చి కాకులను పిలుచుకున్నారు.

నల్లస్వామి దుకాణానికి మాత్రం ఎవరూ రాలేదు. తేనెకు చీమలు పట్టాయి. ఒకరోజు అతను పున్నమ్మను పిలిచాడు. "ఇప్పుడు కాకినీ రానిస్తున్నానమ్మా, రా."

పున్నమ్మ ఆగింది. "నా బిడ్డకు ఊపిరాడని పూట నువ్వు తలుపు మూశావన్నా," అని నెమ్మదిగా చెప్పి, బిడ్డను వెంటబెట్టుకుని సాలమ్మ దుకాణం వైపు నడిచింది.

నీతి: దాచిపెట్టి తీసుకునే లాభం నిజం తెలిసేదాకే నిలుస్తుంది, ఇంకొకరి మీద కోపాన్ని కొనేవాళ్ల మీద చూపించే వర్తకుడు వాళ్లనే పోగొట్టుకుంటాడు.