కడివెడు వెన్నేటి నీళ్లు

కోట దిగి ఎరగని రాజుగారు ఒక ఏడాది చిత్రశాల గోడలన్నీ ఊళ్లవాళ్లకు వదిలేసి, తన రాజ్యంలోని అందాలు గీయమన్నారు. అడవులు, నెమళ్లు, పొంగే వెన్నేరు రంగురంగులుగా వెలిశాయి. ఇళ్లకు సున్నం కొట్టే నూకాలు మాత్రం ఎర్రమన్నుతో ఎండిన వెన్నేటిని గీసింది. ఇసుక, ఆ ఇసుకలో బోర్లించిన పడవ.

అది చూసి మంత్రి విరూపన్న మండిపడ్డాడు. ఏటి నీళ్లన్నీ తన చెరకు తోటలకు మళ్లించుకున్నది ఆయనే మరి.

“నిండుగా పారే ఏటికి ఈ గతి పట్టిస్తావా? ప్రభూ, దీని చేతులు నరికించండి!”

భటుడు కత్తి దూశాడు. నూకాలు రాజుకు దణ్ణం పెట్టి నోరు విప్పింది.

“తప్పయితే ఈ చేతులతోనే చెరిపేస్తాను దొరా. మట్టిరంగే కదా, కడివెడు నీళ్లు చాలు. ఆ నీళ్లేవో వెన్నేటి నుంచే తెప్పించండి.”

“నీళ్లెందుకు, తడిగుడ్డ చాలు!” మంత్రి గాభరాగా అడ్డొచ్చాడు.

రాజు ఆయన వంక తేరిపార చూశాడు. “ఏట్లో కడవ ముంచి తీసుకురా,” అని భటుణ్ణి పంపాడు.

వాడు కడవతో తిరిగొచ్చాడు. రాజు కడవ అందుకుని వంచాడు. జలజలా ఇసుక రాలింది.

ఆ కడవను మంత్రి చేతిలో పెట్టి రాజు అన్నాడు:

“ఇంక చెరుపు.”