అద్దం అవతలి నవ్వు

హైదరాబాదు కృష్ణానగర్‌లోని ఒక డబ్బింగ్ స్టూడియోలో చలపతి అనే కళాకారుడు ఉండేవాడు. ఇంకొకరి కోసం ఎన్ని మాటలైనా చెప్పేవాడు గానీ, తన కోసం అడగాల్సిన మాట అడగలేక లోలోపల కుళ్లుకునేవాడు.

గొంతు మాత్రం తేనె. మనిషి మామూలు మనిషి. కాస్త పొట్ట, రోజురోజుకీ వెనక్కి పోతున్న జుట్టు. ఏళ్ల తరబడి దయ్యాలకూ, బస్సు కండక్టర్లకూ, పెళ్లి సీన్లలో గుంపులకూ గొంతిచ్చి, ఇన్నాళ్లకు ఒక హాస్య చిత్రంలో హీరో స్నేహితుడి పాత్రకు మొత్తం డబ్బింగ్ చెప్పే అవకాశం సంపాదించాడు. ఆ పాత్ర వేసిన నీరవ్ ముంబై నుంచి వచ్చిన ఆరడుగుల అందగాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. ప్రేమగా మాట్లాడమంటే కళ్లనిండా ప్రేమ నింపుకుని ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టేవాడు. ఆ అంకెల మీద మాటలు అతికించి ప్రాణం పోయడం చలపతి పని.

సినిమాలో ఆ స్నేహితుడు ప్రేమించే అమ్మాయికి హైమ గొంతిచ్చేది. చలపతికి హైమ అంటే ప్రాణం. ఈ సినిమా అయిపోతే మళ్లీ ఇద్దరూ ఒకే స్టూడియోలో ఎప్పుడు కలుస్తారో తెలియదు కాబట్టి, ఈలోపే పెళ్లి మాట అడిగేయాలని అతని ఆశ. రోజూ అడుగుదామనుకునేవాడు. రోజూ టీ తాగి ఇంటికి పోయేవాడు.

డబ్బింగ్‌లో ఇద్దరూ కలిసి మాట్లాడరు. ఉదయం చలపతి ఒక్కడే చెప్పేవాడు. మధ్యాహ్నం హైమ హెడ్‌ఫోన్స్‌లో అతని మాటలు వింటూ, తెర చూస్తూ తన మాటలు చెప్పేది. చలపతి పని అయిపోయినా కదలకుండా అద్దం అవతల నిలబడి చూసేవాడు. అక్కడికి మాట వినపడదు, మనిషి మాత్రం కనిపిస్తుంది. తెర మీద నీరవ్ నిలువెత్తున వెలిగిపోతుంటే, హైమ హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో అదుముకుని ముసిముసిగా నవ్వుకునేది.

"గొంతు నాది, నవ్వు వాడికా!" అని చలపతి పళ్లు నూరేవాడు.

అది చాలదన్నట్టు ఇంకో బాధ. హైమ అందరినీ నోరారా పిలిచేది. సౌండ్ ఇంజనీరు ఇమ్మానుయేల్ ఆమెకు అన్నయ్య. టీ తెచ్చే మస్తాన్ అన్నయ్య. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు కూడా గంట తిరక్కుండా అన్నయ్య అయిపోయాడు. చలపతిని మాత్రం ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. తప్పనిసరైతే "ఏమండీ" అని నేల చూపులు చూసేది. పులిహోర తెస్తే అందరికీ కబుర్లు చెబుతూ పెట్టి, అతని చేతిలో మాత్రం డబ్బా పెట్టేసి గబగబా వెళ్లిపోయేది.

"ఏసీవాడి పాటి కూడా చెయ్యనన్నమాట!" అని చలపతి కుమిలిపోయాడు. జీడిపప్పులన్నీ తన డబ్బాలోకే ఎలా వచ్చాయో మాత్రం ఆలోచించలేదు.

ఒకరోజు హైమ ధైర్యం చేసి అతని పక్కన నిలబడింది. "ప్రేమ సీన్లు అయిపోవస్తున్నాయండీ. తలుచుకుంటే దిగులుగా ఉంది" అంది.

"ఎందుకుండదూ!" అన్నాడు చలపతి పుల్లవిరుపుగా. ఆమె ముఖం చిన్నబోయింది.

తమాషా ఏమిటంటే, ఆ సినిమాలోని ప్రేమకథా అలాంటిదే. అమ్మాయి రోజూ పొద్దున్నే డాబా మీద చేతులూపుతూ ఉంటుంది. ఎదురింటివాడికి సైగలు చేస్తోందని ప్రియుడు రగిలిపోయి నానా రభసా చేస్తాడు. తీరా చూస్తే ఆమె తోలుతున్నది వడియాల మీద వాలే కాకులను. "అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా!" అంటుంది అమ్మాయి. ఆ సీను చెప్పిన రోజు చలపతి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఇంత వెర్రిబాగులవాడు ఎక్కడైనా ఉంటాడా అన్నా!" అన్నాడు.

ఇమ్మానుయేల్ అతని వంక అదోలా చూసి, "ఉంటారు తమ్ముడూ, ఉంటారు" అన్నాడు.

ఇక ప్రియుడు పెళ్లి చేసుకోమని అడిగే సీను మిగిలింది. సినిమా మొత్తంలో తియ్యని మాటలు అవే. వాటిని కూడా తన నోటితో నీరవ్ ఖాతాలో వేయడానికి చలపతికి మనసొప్పలేదు. ఆ అందగాడిని నవ్వులపాలు చేయాలనుకున్నాడు. ముక్కు బిగబట్టి, జలుబు చేసిన పిల్లిలా ఆ మాటలన్నీ చెప్పాడు.

"గొంతుకేమైందిరా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"పాత్రలోకి వెళ్లానన్నా."

"పాత్రలోకి కాదురా, గోలెంలో పడ్డట్టున్నావు. మళ్లీ చెప్పు."

చలపతి చెప్పలేదు. మొండికేసి బయటికి వచ్చేశాడు.

మధ్యాహ్నం హైమ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఒక్క క్షణంలో ఆమె నవ్వు ఆరిపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా మాట సరిగా రాలేదు. అద్దం అవతల చలపతి మాత్రం మురిసిపోతూ రెండో టీ తెప్పించుకున్నాడు. "నీరవూ, నీ పని అయిపోయిందిరా!" అనుకున్నాడు. హైమ కళ్లు తుడుచుకుంటూ అతని ముందు నుంచే వెళ్లిపోయింది. ఆ టీ అతనికి సహించలేదు.

మరునాడు దర్శకుడు వచ్చి ఆ సీను విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పాత్ర మొత్తం చలపతి నుంచి తీసేసి ఇంకో కళాకారుడితో చెప్పించాడు. చలపతి ఏళ్ల కల అలా ఒక్క పూటలో చేజారిపోయింది.

కొన్నాళ్లకు, మర్చిపోయిన గొడుగు కోసం అతను స్టూడియోకి వెళ్లాడు. అద్దం అవతల హైమ అదే పెళ్లి సీను చెబుతోంది. తెర మీద అదే నీరవ్, అవే కళ్లు, అదే ఆరడుగుల అందం. కానీ హైమ ముఖంలో నవ్వన్నదే లేదు. రేషన్ షాపు ముందు అంటించిన నోటీసు చదువుతున్నట్టు చదువుతోంది.

చలపతి తెల్లబోయాడు. "ముఖం అక్కడే ఉంది కదా! మరి నవ్వేదీ?" అనుకున్నాడు.

హైమ అతన్ని చూసి బయటికి వచ్చింది. "ఏమండీ, ఆ రోజు ఎందుకలా చెప్పారు?" అని అడిగింది.

ఇక దాచలేక, "తెర మీద అతన్ని చూసి నవ్వుకుంటున్నారనుకున్నాను" అన్నాడు చలపతి.

"అతన్నా! డబ్బింగ్ చెప్పేటప్పుడు నేను చూసేది నేను గొంతిచ్చే అమ్మాయి పెదాలనండీ. నా మాట వాటికి కలవాలిగా! అతని ముఖం నేనెప్పుడు సరిగ్గా చూశాను? నా చెవిలో మాట్లాడింది మీరు."

చలపతి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తను కూడా ఇన్నాళ్లూ నీరవ్ పెదాలు తప్ప ఎదుటి అమ్మాయి ముఖమైనా చూసి ఎరగడు. డబ్బింగ్ చెప్పే ప్రతివాడికీ తెలిసిన సంగతి అసూయ మూలంగా అతనికే తెలియకుండా పోయింది.

"మరి నన్ను అందరిలా అన్నయ్యా అని..." అని నసిగాడు.

వెనక నుంచి ఇమ్మానుయేల్ నుదురు కొట్టుకున్నాడు. "ఒరేయ్, నిన్ను అన్నయ్యా అనకపోవడమే కదరా శుభవార్త!"

హైమ ముఖం ఎర్రబడింది. "అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా!" అంది. తను కడుపు పట్టుకుని నవ్విన మాట తనకే వచ్చి తగిలేసరికి చలపతి తల దించుకున్నాడు.

ఇమ్మానుయేల్ అతన్ని లోపలికి తోసి ఆ పెళ్లి సీను మళ్లీ చెప్పమన్నాడు. "సినిమాకి కాదు, ఈ అమ్మాయి చెవికి. లేకపోతే ఈ రీలు ఈ జన్మలో పూర్తికాదు" అన్నాడు. ఈసారి చలపతి తెర వైపు చూడలేదు. ఉన్న ప్రేమంతా గొంతులో పెట్టి చెప్పాడు. హైమ విని, "ఇది సినిమా మాటా, మీ మాటా?" అని అడిగింది.

"నా మాటే. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

హైమ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఒకే టేకులో సీను పూర్తయింది.

వాళ్ల పెళ్లయిన నెలకు సినిమా విడుదలైంది. ఇద్దరూ మొదటి ఆటకే వెళ్లారు. తెర మీద నీరవ్ ఎవరిదో గొంతుతో పెళ్లి చేసుకోమని అడిగాడు. హైమ గొంతు తన్మయంగా ఒప్పుకుంది. జనం ఈలలు వేశారు. అవి తనకు రావాల్సిన ఈలలని తెలిసిన చలపతి కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు.

"ఏమండీ, ఏమైనా అడగాలా?" అంది హైమ చీకట్లో.

"అడగాలి. పాప్‌కార్న్ తెచ్చేదా?" అన్నాడు చలపతి బుద్ధిగా.

నీతి: ఒక్క మాట అడిగితే తీరిపోయే అనుమానాన్ని మనసులో దాచి అసూయగా పెంచుకుంటే, అది ఎదుటివాడిని ఏమీ చేయలేదు, మన చేతిలో ఉన్నదాన్నే పోగొడుతుంది.