జొన్నలంక రేవులో పిలుపు

"గురువుగారూ, మనుషులు లేని చోటు ఎక్కడైనా ఉంటే చెప్పండి. వెళ్ళిపోతాను," అన్నాడు ముకుందం.

పరాంకుశం గురువుగారి వసారాలో అప్పుడు నలుగురైదుగురం కూర్చుని ఉన్నాం. ముకుందం ఆయన దగ్గర ఏళ్ళ తరబడి వేదాంతం చదువుకున్నవాడు, మాలో అందరికంటే తెలివైనవాడు. ముందురోజు ఏకాదశి సభలో మొదటిసారి గురువుగారి బదులు తను ప్రవచనం చెప్పాడు. చెప్పాడు అనడం నా మర్యాద. పావుగంట కాకముందే చెప్పవలసినది మరిచిపోయాడు. పుస్తకంలో పేజీలు అటూ ఇటూ తిప్పుతుంటే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన మనిషి నా చేతికి దొరికితే నాలుగు దులిపేవాణ్ణి, దొరకలేదు. వచ్చే ఏకాదశికి కూడా నువ్వే చెప్పాలని గురువుగారు అప్పటికే అనేశారు. అందుకని ముకుందం ఊరు వదిలిపోయే ఆలోచనలో పడ్డాడు.

మా గురువుగారితో ఒకటే చిక్కు. అవునో కాదో తేల్చమంటే ఏదో సంగతి ఎత్తుకుంటారు. అది పూర్తయ్యేదాకా కాఫీ కూడా ముట్టుకోనివ్వరు.

"దీవి అయితే ఎలా ఉంటుంది?" అని అడిగారు.

"భేషుగ్గా ఉంటుందండీ," అన్నాడు ముకుందం ఆశగా.

"అయితే హైదరాబాదు నుంచి జొన్నలంకకు కాపురం వచ్చిన శశిధర్ సంగతి విను. విన్నాక మూట కట్టుకో."

ఆయన చెప్పినది నా మాటల్లో చెబుతున్నాను. గోదావరి నడుమ ఇసుక మేట వేసి, దాని మీద ఒండ్రు పేరుకుని, మనుషులు చేరి ఊరైన దీవిని మా వైపు లంక అంటారు. జొన్నలంక అలాంటిదే. శశిధర్ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాడు. చేయి బంగారం, నోరే శత్రువు. చిన్నప్పటి నుంచీ నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే పట్టుకునేది, ఎంత గింజుకున్నా కదిలేది కాదు. పెళ్ళిచూపుల్లో తన పేరు తను చెప్పుకోలేక లేచి వచ్చేసిన రోజున, ఇక మనుషులతో మాట్లాడే పని పెట్టుకోకూడదని ఒట్టు వేసుకున్నాడు. నీళ్ళు చుట్టూ ఉంటే మనుషులు దూరంగా ఉంటారని లెక్క వేసి, లంకలో ఒక పెంకుటిల్లు కొనుక్కుని వచ్చి దిగాడు.

వచ్చిన వారానికే తెలిసింది, ఎంత పొరపాటు చేశాడో. పట్నంలో నోరు విప్పకుండా ఏళ్ళకు ఏళ్ళు బతకవచ్చు. ఫోనులో నొక్కితే అన్నం గుమ్మంలోకి వస్తుంది, కారు వీధిలోకి వస్తుంది. పక్క ఫ్లాటువాడు బతికాడో పోయాడో ఎవరికీ పట్టదు. లంకలో ఉప్పు కావాలంటే అడగాలి, పాలు కావాలంటే గోడ మీంచి కేక వేయాలి. ఫోనులో సిగ్నలు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్ళరు. "ఏం కూరండీ?" అని అడుగుతారు, జవాబు వచ్చేదాకా నిలబడతారు.

అన్నిటికంటే పెద్ద ఆపద పడవ. అవతలి ఒడ్డుకు వంతెన లేదు, ఒక్క నూకరాజు పడవే దిక్కు. దానికి వేళాపాళా లేదు. రేవులో నిలబడి గొంతెత్తి అతన్ని పేరు పెట్టి పిలవాలి, ఏ ఇంటివాళ్ళమో చెప్పాలి. అప్పుడు అవతలి నుంచి కదులుతాడు. ఫోను చేద్దామంటే, "ఇప్పటికే ఓ ఫోను గోదారికిచ్చేశానండి, ఇంకోటి ఇవ్వను," అనేవాడు. తువ్వాలు ఊపితే పట్టించుకునేవాడు కాదు. పిల్లకాయలు పొద్దస్తమానం ఆటకు ఊపుతూనే ఉంటారాయె!

శశిధర్ ఏం చేసేవాడంటే, సంచీ పట్టుకుని రేవులో నిలబడేవాడు. ఎవరో ఒకరు వచ్చి పిలిచేదాకా అలాగే నిలబడి, పడవ వచ్చాక వాళ్ళ వెనకాల ఎక్కేవాడు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎవరూ వచ్చేవారు కాదు. ఎండకు మొహం మాడిపోయేది, కడుపులో ఆకలి. అయినా నోరు తెరిచేవాడు కాదు.

లంకవాళ్ళు ఊరుకుంటారా? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని పట్నపాయనకు భయం కాబోలు అని కొందరు మూతి విరిచారు. కాదు, మౌనవ్రతంలో ఉన్న మహానుభావుడు అని ఇంకొందరు తేల్చారు. ఒకావిడ అరటిపళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టి, కూతురికి సంబంధం కుదరాలని మొక్కుకుని పోయింది. శశిధర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పళ్ళు తినడానికి సిగ్గేసి పక్కింటి పేరంటాలమ్మ గేదెకు పెట్టాడు.

ఈ పేరంటాలమ్మ ఒంటరి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మొదటి రోజు నుంచీ గోడ మీద ఒక గిన్నెలో కూర పెట్టి, "తిను బాబూ, గిన్నె కడిగియ్యి," అనేది. అతను తల ఊపేవాడు. ఆవిడకు అదే చాలు. రెండో మాట అడగని మనిషి ఆ లంకలో ఆవిడ ఒక్కతే. లంక వదిలిపోదామని అతను అనుకున్నప్పుడల్లా ఆ గిన్నె చూసి ఆగిపోయేవాడు.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. వరద ముంచుతుందని ఊరంతా పశువుల్ని తోలుకుని లంక ఆ కొసన ఉన్న మెరక మీదికి పోయారు. పేరంటాలమ్మ పిడకల గూడు సర్దుకుని వెనకాల వస్తానంది. ఆ గూట్లోనే పాము ఉంది. ఆవిడ కేక విని శశిధర్ గోడ దూకి వెళ్ళేసరికి అరుగు మీద చేయి పట్టుకుని కూర్చుని ఉంది, వేలు దగ్గర రెండు గాట్లు. పెదవులు తెల్లబడుతున్నాయి. ఫోను తీసి చూశాడు. టవరుకు కరెంటు పోయిందో ఏమో, సిగ్నలు గీత ఒక్కటీ లేదు. మెరక దాకా పరుగెత్తి మనుషుల్ని తెచ్చేసరికి జరగవలసినది జరిగిపోతుంది. ఆస్పత్రి అవతలి ఒడ్డున ఉంది.

అతను నోరు తెరిచాడు, మూశాడు.

పేరంటాలమ్మ అతని మొహంలోకి చూసింది. "మౌనం తరవాత పట్టుకుందువు గానీ బాబూ," అంది, "ముందెల్లి పడవని పిలు!"

పరుగెత్తాడు. రేవు మెట్లు అప్పటికే సగం మునిగాయి. అవతల నూకరాజు పడవ కట్టేసి ఉంది, ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు, ఏటిగట్టు మీద మనుషులు నిలబడి వరద చూస్తున్నారు. చొక్కా విప్పి ఊపాడు. ఎవరూ కదలలేదు. అంతమంది ముందు పిలవాలి, మొదటి అక్షరమే పట్టుకుంటుంది, అందరూ నవ్వుతారు. "ముకుందం, అక్కడ అతనికి ఎంత భయం వేసిందో నీకు వేరే చెప్పనక్కరలేదు," అన్నారు గురువుగారు. "ఆ గట్టు మీద నిలబడినవాళ్ళలో నేనూ ఉన్నాను," అని కూడా అన్నారు.

పిలిచాడు. "నూ... నూ... నూ..." అక్కడే పట్టుకుంది. ఎప్పుడూ అయితే నోరు మూసుకుని వెనక్కి తిరిగేవాడు. ఈసారి మూయలేదు. మెడ నరాలు ఉబ్బి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, "నూ నూ నూ నూ నూకరాజూ! నూ నూ నూకరాజూ!" అని అరిచాడు. ఏ ఇంటి నుంచి అని చెప్పాలి? "పే పే పే పేరంటాలమ్మ! పా పా పా పాము!" గొంతు చీరుకుపోయింది. అయినా ఆపలేదు. ఒక్క అక్షరం కూడా దాచుకోలేదు, విరిగిన ముక్క విరిగినట్టే గోదావరి మీదికి విసిరాడు.

అవతల ఎవరూ నవ్వలేదు. ఉతుకుతున్న ఆడవాళ్ళు బట్టలు వదిలేసి లేచారు. నూకరాజు అన్నం చేయి కడుక్కోకుండా పడవలోకి దూకాడు. తోడుగా ఇంకో మనిషి దూకాడు. ఆ ఎర్రనీటి వడిలో అడ్డంగా కొట్టుకుపోతూ, ఎదురుతెడ్డు వేస్తూ, రేవుకు వచ్చి తగిలారు.

పేరంటాలమ్మను పడవలో పడుకోబెట్టాక, తెడ్డు వేస్తూనే నూకరాజు అన్నాడు: "మా లంకోళ్ళు మామూలు పనికి పేరు ఒక్కసారే పిలుత్తారండి. ఊపిరి తిప్పుకోకుండా మళ్ళీ మళ్ళీ పిలిత్తే ప్రాణం మీదికొచ్చిందనండి. మీరట్టా ఆపకుండా పిలుత్తుంటే నా గుండె జారిపోయిందండి, ఆయ్!"

శశిధర్‌కు ఆ ఆచారం తెలియదు. అతను పిలవగలిగినట్టే పిలిచాడు. తెలియకపోయినా, ఆ రోజు గోదావరి మీద అంతకంటే సరైన పిలుపు లేదు.

ఆస్పత్రిలో వేళకు ఇంజక్షను పడింది. ఏ పాము, ఎప్పుడు కరిచింది అని డాక్టరు అడిగిన ప్రతిదానికీ శశిధరే జవాబు చెప్పాడు. ముక్కలు ముక్కలుగానే చెప్పాడు, డాక్టరు ఆగి విన్నాడు. పేరంటాలమ్మ గండం గడిచి, మూడో రోజుకల్లా నర్సుల్ని, "ఇదీ ఒక చారేనా అమ్మా?" అని దెప్పే స్థితికి వచ్చింది.

వరద తగ్గాక ఆవిణ్ణి తిరిగి తీసుకువెళుతుంటే పడవ లంక వైపు ఉంది. పిలవడానికి గట్టు మీద పదిమంది సిద్ధంగా ఉన్నారు. పేరంటాలమ్మ చేయి అడ్డం పెట్టి అందరినీ ఆపింది. "నువ్వే పిలు బాబూ," అంది.

శశిధర్ గొంతెత్తాడు. పేరు మామూలు చోటే పట్టుకుంది, విడిపించుకుని బయటపడింది. అవతల రేవు నిండా జనం. వాళ్ళంతా ఒక్క పెట్టున "వత్తన్నాం!" అని అరిచారు. ఈలలు, చప్పట్లు. పడవ రావడం చూస్తూ శశిధర్ చిన్నపిల్లవాడిలా ఎగిరి గంతేశాడట. గురువుగారు ఆ పడవలో ఎక్కి లంక దాకా వెళ్ళి, అక్కడి ఇళ్ళలో పులస చేపల పులుసు వాసన తగిలేలోగా వెనక్కి వచ్చేశానన్నారు. శాకాహారం కదా.

ఇప్పుడు శశిధర్ కష్టాలు అసలు కష్టాలు. పొద్దున్న లేస్తే లంకలో సగం మంది అతని అరుగు మీదే. ఒకరికి పిల్లాడి బొమ్మ కావాలి, ఒకరికి కోర్టు తగాదాలో సలహా కావాలి, ఇంకొకరికి ఊరికే మాట్లాడాలి. పడవ పిలవాలంటే అతన్నే పిలవమంటారు, నూకరాజు తొందరగా వస్తాడని. బొమ్మ వేసుకోవడానికి గంట తీరిక దొరకదు. "ప ప పట్నంలో ఇంత గోల లేదండీ," అని గురువుగారి దగ్గర మొర పెట్టుకున్నాడట. మొర పెట్టుకుంటూ పగలబడి నవ్వుతూనే ఉన్నాడట.

గురువుగారు ఆపారు.

"ఇంతకీ అతని నత్తి పోయిందా గురువుగారూ?" అని అడిగాడు ముకుందం.

ఆయన ఉత్తరీయం భుజాన వేసుకుని లేచారు.

"ఎందుకు పోవాలయ్యా? పడవ వచ్చిందిగా!"