పేరు చెరిపిన పుస్తకం

చిల్లకోన రాజు కొమ్మభూపతి ఏదో పుస్తకంలో చూసి తలకు తైలం పట్టించుకున్నాడు. తెల్లారేసరికి జుట్టంతా తలగడ మీదే ఉంది. ఆ గుండు తళతళ చూసి కోళ్ళు మిట్టమధ్యాహ్నం కూడా కూసేవి.

దాంతో రాజు ఆజ్ఞ వేశాడు. ఇకమీదట ఆస్థాన పండితుడు పరీక్షించి సరేనంటేనే ఏ పుస్తకానికైనా నకళ్ళు తీసి ఊరూరా పంపాలి. కాదంటే వంటశాల పొయ్యిలో వేయాలి. మొహమాటాలు లేకుండా, రాసినవారి పేరు ఎక్కడున్నా చెరిపి మరీ పండితుడికి ఇవ్వాలి. ఆ చెరిపే పని విదూషకుడు బయ్యన్నది.

పండితుడు పేరిభట్టు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే వినేవాళ్ళకు గడ్డాలు పెరిగేవి. పుస్తకం చదివే ఓపిక మాత్రం ఆయనకు లేదు. తన పేరు ఎక్కడైనా ఉందా అని ఆకులు తిరగేసేవాడు. ఉంటే అమోఘం. లేకపోతే పొయ్యి. ఆ ఏడాది రాజుగారి వంటశాలకు కట్టెలే కొనలేదు.

అంతలో రాజ్యంలో పశువులకు గాలికుంటు తగులుకుంది. గంగసాని అనే పశువైద్యురాలు దానికి మందు కనిపెట్టి పుస్తకం రాసింది. ఆ మందు తాగిన ముసలెద్దు ఒకటి కొండ మీంచి కొండ మీదికి దూకింది. వైద్యులంతా మెచ్చుకున్నారు. పేరిభట్టు మాత్రం పొయ్యిలో వేయమన్నాడు.

గంగసాని బయ్యన్న దగ్గరికి వచ్చి, మందు ఊళ్ళకు చేరకపోతే దుక్కికి ఒక్క ఎద్దూ మిగలదని వాపోయింది. పోనీ, ఆయన పేరు ఓ మూల ఇరికించకపోయావా అన్నాడు బయ్యన్న.

"ఎక్కడ ఇరికించను బాబూ? ఆయన ఎప్పుడైనా ఎద్దు దగ్గరికి వస్తేగా?"

బయ్యన్న గ్రంథాలయానికి వెళ్ళి, పేరిభట్టు ఎప్పుడో రాసిన 'పశులక్షణం' తీసి కొత్త ఆకుల మీదికి ఎక్కించాడు. ఆజ్ఞ ప్రకారం రాసినవారి పేరు వదిలేశాడు. పద్యానికోసారి ఆ పేరే ఉండటంతో పుస్తకం సగమైంది. దాన్ని పేరిభట్టుకే పంపాడు.

మర్నాడు సభలో, ఇంకా పొయ్యికెక్కని గంగసాని పుస్తకం, ఈ కొత్తది, రెండింటి సంగతి ఏమిటని రాజు అడిగాడు.

"రెండూ పొయ్యికే ప్రభూ. రెండోది మరీ ఘోరం. పేరిభట్టనే మహాపండితుడు ఒకడున్నాడని కూడా ఎరగని మూర్ఖుడెవడో రాశాడు. వెతికినా ఒక్క మంచి మాట లేదు."

"పూర్తిగా చదివారా భట్టుగారూ?"

"అక్షరమక్షరం ప్రభూ."

బయ్యన్న గ్రంథాలయంలోని పాత ప్రతిని తెచ్చి రాజుగారి ముందు ఆ రెండోదాని పక్కన పెట్టాడు. రాజు ఇందులో ఓ పద్యం, అందులో అదే పద్యం పైకి చదివాడు. పేరిభట్టు మొహం వాడిన తమలపాకైంది.

"ఏమోయ్ బయ్యన్నా, నా పుస్తకంలోంచి నా పేరే తీసేస్తావా?"

బయ్యన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"రాసినవారి పేరు తీసేయమన్నది ప్రభువులు. తీసేస్తే అందులో ఒక్క మంచి మాటా మిగల్లేదన్నది తమరు."

సభ నవ్విన నవ్వుకు కోట మీది పావురాలు పక్క రాజ్యానికి వలసపోయాయి. రాజు తన మెడలోని ముత్యాలహారం బయ్యన్న మెడలో వేశాడు. ఆ బరువుకు బయ్యన్న కొన్నాళ్ళు వంగే నడిచాడు.

గంగసాని పుస్తకానికి ఊరికొక నకలు రాయమని పేరిభట్టునే కూర్చోబెట్టారు. ఆయన తన జన్మలో మొదటినుంచి చివరిదాకా చదివిన పుస్తకం అదొక్కటే.