నక్క చూపించిన కొండదారి

ఉదయం ఐదూ నలభైకి కాపరి దొడ్డి తడిక తీశాడు. మంద కొండ కింద మేతకు కదిలింది. కుక్కలు వెంట వెళ్లాయి. గిట్టలు పెరిగి వంకరపోయిన రెండు మాత్రం లోపలే ఉండిపోయాయి. ఒకటి చుక్కమ్మ అనే మేక, రెండోది బొల్లమ్మ అనే గొర్రె. "పున్నమి సంతకు ఈ కుంటివి రెండూ కసాయికే" అన్న కాపరి మాట చుక్కమ్మ చెవుల్లోంచి పోవడం లేదు.

తడిక సందులో నక్క మూతి పెట్టింది.

"అత్తా, కూర్చుంటే గిట్టలు అరుగుతాయా? కొండదారి పట్టు. రాళ్లమీద నడిస్తే అవే అరుగుతాయి. పైన చల్లగాలి, ఊటనీళ్లు."

"నీకేం లాభం అల్లుడూ?" అంది చుక్కమ్మ.

"తోడు. ఒంటరిగా నడవాలంటే విసుగు."

బొల్లమ్మ పడుకునే నవ్వింది. "కుంటికాళ్లకు కొండ కావాల్సొచ్చిందా వదినా?"

మొదటిరోజు తడిక సందులోంచి దూరి తంగేడు పొదల దాకా వెళ్లేసరికే చుక్కమ్మకు కళ్లు తిరిగాయి. మర్నాడు ఊట దాకా వెళ్లింది. నక్క రోజూ ఇంకాస్త పైకి తీసుకెళ్లి, మంద తిరిగొచ్చేలోగా దొడ్డికి చేర్చేది. రాయి గిట్టను అరగదీసింది. ఆయాసం తగ్గింది. అడవిమల్లె వాసన తగిలి, కింద దొడ్డి పిడకంత కనిపిస్తుంటే, చుక్కమ్మ సంత సంగతి కాసేపు మరిచిపోయేది.

పున్నమి ముందురోజు కొండ కొమ్ముకు చేరారు. దారి ఇరుకు. ఎదురుగా తోడేలు లేచింది. నక్క చుక్కమ్మ వెనక దారికి అడ్డం నిలబడింది.

"దీన్ని తేవడానికి ఇన్నాళ్లా?" అంది తోడేలు. దాని పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"కుంటిది మామా. రోజుకింత నడిపించి తెచ్చాను. కుక్కల భయంతో నువ్వు కిందికి దిగవు కదా."

చుక్కమ్మ తన కాళ్లకేసి చూసుకుంది.

"మంచి పని చేశావు అల్లుడూ" అని పక్కనున్న నిట్టనిలువు బండమీదికి ఎగిరింది. గిట్టలు జారలేదు. రెండో గెంతుకు ఎవరికీ అందనంత పైకి పోయింది.

తోడేలు బండను చూసింది. తర్వాత నక్కను చూసింది.

"మామా, రేపు ఆ గొర్రెను..."

"రేపటిదాకా ఆగే ఆకలి కాదిది."

పైనున్న చుక్కమ్మకు ఒక్క అరుపే వినిపించింది. నడిచి బాగుపడ్డ కాళ్లు నడిపించినవాడి మాట వినవు.

మర్నాడు కాపరి, బండల మీదుగా దిగొచ్చిన చుక్కమ్మ నడక చూసి మందలో కలిపాడు. సంతకు బొల్లమ్మ ఒక్కదాన్నే మోసుకెళ్లారు.

నాలుగు రోజుల తర్వాత కాకి చెప్పింది, కసాయి కొట్టు వెనక కుప్పలో బొల్లమ్మ గిట్టలు నాలుగూ ఉన్నాయని, ఇంకా వంకరగానే ఉన్నాయని.