గంట సుంకం

కనకాద్రి రాజ్యాన్ని ఒకప్పుడు చండవిక్రమ భూపతి ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తను చేసిన ప్రతి పనినీ ఎవరో ఒకరు మెచ్చుకుంటూ ఉండాలి. మెచ్చుకునేవాళ్లు కాస్త ఆలస్యం చేస్తే తనే మొదలుపెట్టేవాడు.

ఆ రాజ్యంలో పూర్వం ఏ ఊరికి ఆపద వచ్చినా ఆ ఊరివాళ్లే తప్పెట కొట్టి, కేకలేసి, చేతనైన సాయం చేసుకునేవాళ్లు. ఇల్లు అంటుకుందని పక్క ఊరికి తెలిసేసరికి బూడిదే మిగిలేది. చండవిక్రముడు అది మార్చాలనుకున్నాడు. ఊరూరా బురుజు కట్టించి, పైన పెద్ద కంచుగంట వేలాడదీయించాడు. ఒక బురుజు మీద గంట మోగితే పక్క బురుజువాడు విని తన గంట కొట్టాలి. అలా కబురు అందగానే దగ్గరి ఠాణా నుంచి వైద్యుడు, ఈతగాళ్లు, నీళ్ల తిత్తులతో మంటలార్పేవాళ్లు గుర్రాలెక్కి వచ్చేవారు. దానికి ఆపద గంట అని పేరు పెట్టారు. మంచి ఏర్పాటే.

అయితే ప్రతి బురుజు మీదా బంగారు పూత కలశం ఉండాలన్నాడు రాజు. కలశం కింద తన విగ్రహం ఉండాలన్నాడు. ఖర్చు తడిసి మోపెడయింది. అప్పుడు సుంకాధికారి అనంతపాలుడు ధరల సభ ఏర్పాటు చేయించాడు. ఏటా ఒకసారి ఆ సభ కూడి, ఆపద గంటకు ఎంత ఖర్చయిందో చూసి, గంట కొట్టించుకునేవాడు ఎంత కట్టాలో తేల్చాలి.

మొదటి సభలోనే అనంతపాలుడు లేచి, "ఎవరికి ఆపద వస్తే వారే సుంకం కట్టాలి. ముందు సుంకం, తర్వాత గంట," అన్నాడు.

ఆస్థాన వైద్యుడు ఓబలయ్య పెద్దవాడు. ఆయన మెల్లగా లేచాడు. "ప్రభూ, పేదవాడు అంత సుంకం ఎక్కణ్ణుంచి తెస్తాడు? తగ్గించమని బతిమాలుకుంటూ ఉంటే అక్కడ ప్రాణం పోదా?"

రాజు ముఖం ముడుచుకున్నాడు. ఆ ముడత విప్పడం ఆస్థాన విదూషకుడు మాచన పని. మాచన మాటకారి. ఎంత పెద్ద పండితుణ్ణయినా ఒక్క మాటతో కూలబడేట్టు చేసేవాడు. ఆరోజు కూడా ఆలోచించకుండానే నోరు విప్పాడు.

"నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడు బేరమాడడు ప్రభూ. బేరమాడుతున్నాడంటే వాడికింకా ప్రాణం మీదికి రానట్టే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. ఓబలయ్య కూర్చున్నాడు. సుంకం ఖాయమైంది. ఆ సాయంత్రం మాచన కొత్త శాలువా కప్పుకుని ఇంటికి వెళ్లాడు.

ఏడాది తిరగబోతుండగా మాచన ఒక చుట్టాలింటి పెళ్లికి బండి కట్టించుకుని వెళ్తూ, దారిలో సాలెపల్లె అనే ఊళ్లో ఆగాడు. బురుజు గుమ్మం మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చదివితే తను సభలో అన్న మాటే. సుంకాధికారి దాన్ని అన్ని బురుజుల మీదా చెక్కించాడట. మాచనకు ఒళ్లు పొంగింది.

ఎదురుగా అరుగు మీద ఒకావిడ నూలు కండెలు చుడుతోంది. ఆమె పేరు అంకమ్మ. మాచన మంచినీళ్లడిగి తాగి, బురుజు వైపు చూపించాడు.

"అక్కడ ఏం రాశారో తెలుసా అమ్మా?"

"నాకు చదువు రాదయ్యా. కానీ తెలుసు. బురుజు కాపలాదారు ఒకసారి చదివి వినిపించాడు."

"బాగుంటుంది కదూ, మాట?"

అంకమ్మ చేతిలో కండె ఆగింది. "మా తమ్ముణ్ణి చేలో పాము కరిచింది. నేను పరుగెత్తుకొచ్చి గంట కొట్టమన్నాను. సుంకం అడిగాడు. సగం ఇప్పుడిస్తాను, సగం చీర నేసి ఇస్తానన్నాను. అప్పుడు చదివాడయ్యా ఆ మాట. బేరమాడుతున్నావు గనక నీ తమ్ముడికి ఇంకా ప్రాణం మీదికి రాలేదన్నాడు. కమ్మలు తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చేసరికి పిల్లాడు నీలంగా అయిపోయాడు."

మాచన చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"తప్పు నాదేలెండి," అంది అంకమ్మ. "అంత పెద్దలు ఆలోచించి రాసిన మాట. నేనే బేరమాడకుండా ఉండాల్సింది."

ఆ మాట అన్నది నేనే అని చెప్పాలనుకున్నాడు మాచన. నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. చెంబు అరుగు మీద పెట్టి, తల వంచుకుని బండెక్కాడు. పెళ్లికి వెళ్లలేదు. బండి వెనక్కి తిప్పించాడు. దారి పొడవునా బండివాడు ఏదో ఒక హాస్యం చెప్పమని అడుగుతూనే ఉన్నాడు. తల నొప్పిగా ఉందని చెప్పి కళ్లు మూసుకున్నాడు.

తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి జరిగింది చెబుదామా అనుకున్నాడు. చెబితే రాజు ఏం చేస్తాడో అతనికి తెలుసు. ఆ కాపలాదారుకు కొరడా దెబ్బలు కొట్టించి, న్యాయం చేశానని మురిసిపోతాడు. సుంకం మాత్రం అలాగే ఉంటుంది. రాజు తన చెవులతో వినాలి, తన కళ్లతో చూడాలి. అలా అయితే గాని లాభం లేదు.

రెండో ఏటి ధరల సభ కూడింది.

అనంతపాలుడు లేచాడు. "ప్రభూ, శుభవార్త. ఈ ఏడాది గంటలు మోగడం సగానికి సగం తగ్గింది. ప్రభువుల ప్రతాపానికి జడిసి ఆపదలు రాజ్యం వదిలి పారిపోతున్నాయి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "మరి సుంకం?"

"ఖర్చు అంతే ఉంది, కట్టేవాళ్లు తగ్గారు. కనుక సుంకం రెట్టింపు చేయాలి."

రాజు మాచన వైపు తిరిగాడు. "ఏం మాచనా, పోయినేడు భలే మాట అన్నావు. ఈ ఏడు ఏమంటావు?"

మాచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "లెక్క బాగానే ఉంది ప్రభూ. రెట్టింపు చేస్తే వచ్చే ఏడాది గంటలు ఇంకా తగ్గుతాయి. అప్పుడు మళ్లీ రెట్టింపు. ఇలా పోగా పోగా రాజ్యం మొత్తం మీద ఒక్కడే గంట కొట్టించుకుంటాడు. ఖర్చంతా ఆ ఒక్కడే కట్టాలి. అంత సొమ్ము ప్రభువుల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. కాబట్టి ఆ ఆపదేదో ప్రభువులే పడాల్సి వస్తుంది."

సభలో కొందరు నవ్వారు. రాజు సగం నవ్వి, మిగతా సగం ఆపుకున్నాడు. "నాకు ఆపదేమిటి? ఆపదలు పోయాయనే కదా అనంతపాలుడు చెబుతున్నది."

"అదే లోకమంతా చూడాలి ప్రభూ," అన్నాడు మాచన. "వచ్చేవారం ప్రభువుల పుట్టినరోజు. ఆ ఒక్కరోజు ఆపద గంటకు సుంకం లేదని దండోరా వేయించండి. పొరుగు రాజ్యపు రాయబారిని పిలిపించండి. సుంకం లేకపోయినా ఒక్క గంటా మోగలేదనుకోండి, కనకాద్రిలో నిజంగానే ఆపద లేదని ఆయన కళ్లారా చూసి వెళ్లి చెబుతాడు. అంతకంటే గొప్ప పుట్టినరోజు ఏ రాజు చేసుకున్నాడు?"

అనంతపాలుడు అడ్డు చెప్పబోయాడు. అడ్డు చెబితే తను చెప్పిన శుభవార్త అబద్ధమని తనే ఒప్పుకున్నట్టవుతుంది. నోరు మూసుకున్నాడు. రాజుకు ఆ ఆలోచన ఎంతగానో నచ్చింది.

పుట్టినరోజు పొద్దున్నే రాజు మేడ మీది మంటపంలో రాయబారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "వినండి, ఎంత నిశ్శబ్దమో," అన్నాడు.

రాయబారి మర్యాదగా చెవి ఒగ్గాడు. అంతలో తూర్పు వైపు ఒక గంట మోగింది. దాన్నందుకుని ఇంకోటి. ఫలహారాలు వచ్చేసరికి దక్షిణాన ఒకటి. అవి తినడం పూర్తికాకముందే ఉత్తరాన ఒకటి, ఏటి వైపు మరొకటి. ఠాణాల నుంచి గుర్రాలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

రాయబారి మొహమాటంగా మాచన వైపు చూశాడు. "ఏమిటి ఈ చప్పుడు?"

"ఈరోజు మా ప్రభువులకు చెవులు వినిపిస్తాయని జనానికి తెలిసింది," అన్నాడు మాచన.

రాజు ముఖం కందిపోయింది. అనంతపాలుడు ముందుకు వచ్చాడు. "ఉచితమనేసరికి ఊరికే కొడుతున్నారు ప్రభూ. వేడుక చూస్తున్నారు."

"అయితే పదండి," అన్నాడు రాజు, కోపంగా లేచి. "ఎవడు వేడుక చూస్తున్నాడో నేనే చూస్తాను."

ఆ క్షణంలో మోగుతున్న గంటల్లో దగ్గరిది కుమ్మరి వీధిలోది. రాజు పల్లకీ ఎక్కాడు. మాచన, అనంతపాలుడు వెనకే నడిచారు. వీధి మధ్య ఒక చిన్న ఇంటి ముందు జనం ఉన్నారు. లోపల చాప మీద పుల్లయ్య అనే ముసలి కుమ్మరి పడుకుని ఉన్నాడు. తుంటి దగ్గర వాచి నల్లబడింది. ఓబలయ్య పక్కన కూర్చుని నారతో చెక్కబద్దలు కడుతున్నాడు. ఆ వీధికి వచ్చే వంతు ఆరోజు ఆయనదే.

రాజును చూసి అందరూ పక్కకు తప్పుకున్నారు.

"ఎప్పుడు పడ్డాడు?" అని అడిగాడు రాజు.

పుల్లయ్య కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొన్న పొద్దున దొరా. కుండలు కాల్చే ఆవం మీద ఎక్కి పేరుస్తూ జారిపడ్డాడు."

"మొన్న పడితే ఇవాళ గంట కొట్టించారా?"

ఆమె మామ వైపు చూసింది. చాప మీంచి పుల్లయ్యే చేతులు జోడించబోయాడు. నొప్పికి చేతులు సగంలో ఆగిపోయాయి.

"ఇవాళ ఉచితమని దండోరా విన్నాం ప్రభూ. అందాకా ఓర్చుకోగలనని నేనే అన్నాను. ప్రభువుల పుట్టినరోజు నాడు గంట కొట్టించాం. తప్పయింది. క్షమించండి."

రాజు ఆ ముసలివాడి ముఖంలోకి చూడలేక ఇంటి కప్పు వైపు చూశాడు. తర్వాత ఓబలయ్య వైపు చూశాడు. ఓబలయ్య తల ఎత్తలేదు, కట్టు కడుతూనే ఉన్నాడు.

"నా పల్లకీలో ఈయన్ని వైద్యశాలకు తీసుకెళ్లండి," అన్నాడు రాజు.

పల్లకీ కదిలిపోయాక రాజు ఆ ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. అనంతపాలుణ్ణి పిలిచాడు. "బురుజుల మీద కలశాలు దింపించు. ఆ విగ్రహాలు కూడా. వాటిని అమ్మితే ఎన్ని గుర్రాలు వస్తాయో చూడు. ఇకమీద గంట కొట్టేముందు ఎవరినీ ఏమీ అడగకూడదు. ఖర్చు రాజ్యమంతా పంచుకోవాలి. అందులో పెద్ద వాటా కోటది."

"చిత్తం," అన్నాడు అనంతపాలుడు. వేరే మాట అనే ధైర్యం అతనికి లేదు.

రాజు మాచన వైపు తిరిగాడు. "నన్ను కావాలనే ఇక్కడిదాకా రప్పించావు కదూ?"

"అవును ప్రభూ."

"నీకు ముందే తెలుసు."

"ఆలస్యంగా తెలిసింది." మాచన నేల చూపులు చూస్తూ అంకమ్మ సంగతి మొత్తం చెప్పాడు. అరుగు మీద చెంబు పెట్టి పారిపోయినట్టు వచ్చేసింది కూడా దాచలేదు. చివరికి అన్నాడు, "ఓబలయ్యగారు సరిగ్గా అడిగారు. నేను ఒక్క మాటతో ఆయన్ని కూర్చోబెట్టాను. ఆ మాట ఒక ప్రాణం తీసింది. దానికి నాకు శిక్ష వేయండి."

"అన్నది నువ్వే," అన్నాడు రాజు. "నవ్వింది నేను. నేను నవ్వకపోయుంటే అది గాలిలో కలిసిపోయేది."

ఆ మాట తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. వీధిలో పిల్లలు దూరంగా నిలబడి, అరుగు మీద కూర్చున్న రాజును వింతగా చూస్తున్నారు.

ఉన్నట్టుండి రాజు నవ్వాడు. గట్టిగా కాదు, తలవంచుకుని, తనలో తనే. "నిశ్శబ్దం వినిపిస్తానని పరాయి రాయబారిని పిలిచాను చూడు. ఆయన ఇప్పటికీ అక్కడే కూర్చుని వింటున్నాడేమో."

మాచనకు కూడా నవ్వు వచ్చింది. అది నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు.

"నీకు బహుమానం ఇవ్వాలి," అన్నాడు రాజు.

"వద్దు ప్రభూ. తీసుకోలేను."

"నీకు నచ్చేది ఇస్తానన్నానా? ఇకమీద ఏటా ధరల సభలో నా పక్కన నువ్వు కూర్చోవాలి, అటు పక్కన ఓబలయ్య. ఎవరైనా పేదవాడి మాట ఎత్తినప్పుడు నేను నవ్వబోతే మోచేత్తో పొడు. గట్టిగా పొడు. రేపు ఇద్దరం సాలెపల్లె వెళ్దాం. ఆమెకు చెప్పాల్సింది నువ్వూ చెప్పు, నేనూ చెబుతాను."

"ఆమె ఏమంటుందో ప్రభూ."

"ఏమన్నా పడాలి," అన్నాడు రాజు.

అప్పుడే ఏటి వైపు నుంచి మళ్లీ గంట మోగింది. పల్లకీ వెళ్లిపోయింది, గుర్రం లేదు. చండవిక్రముడు అరుగు దిగి, పంచె ఎగగట్టుకుని, గంట మోగిన వైపు గబగబా నడవడం మొదలుపెట్టాడు. మాచన అతని వెంట పరుగెత్తాడు.